నా దగ్గర తెరుచుకునే రిపోర్టు

2023 వేసవి. అబిడ్స్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో మా ఆఫీసు. నాంపల్లిలోని ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ వెబ్‌సైటు బాధ్యత నాది. మీరు ఫోనులో అడిగిన పేజీని తెచ్చి మీ ముందు పెట్టే ప్రోగ్రామే వెబ్ సర్వర్. దానికి అప్పుడప్పుడూ కొత్త రిలీజ్ వస్తుంది. వెంట, సరిచేసిన లోపాల, అంటే బగ్గుల, జాబితా ఒకటి బారెడు ఉంటుంది. ఆ ఆదివారం అలాంటి కొత్త రిలీజ్‌నే ఎక్కించి, అన్నీ పరీక్షించి, హాయిగా నిద్రపోయాను.

సోమవారం పొద్దున్నే ఎస్తేర్ గారి ఫోను. సెంటర్ కౌంటర్లో రిపోర్టులు ఇచ్చేది ఆవిడే.

"ఏం చేసిన్రు సార్? రిపోర్టులు తెరుసుకుంటలేవని జనం మీదికొస్తున్రు."

నేను తెరిచాను. చక్కగా వచ్చింది. "మీ దగ్గర చూడండి," అన్నాను.

"నా దగ్గర వస్తుంది."

"మరి సమస్యేంటి?"

"గదే నాకూ సమజైతలేదు."

నాకు ఒళ్లు మండింది. ఆవిడకు వస్తోంది, నాకు వస్తోంది, జనానికేం మాయరోగం? వాళ్ల ఫోన్లే పాతవని తేల్చేశాను.

కాసేపటికి ఆవిడే మళ్లీ చేశారు. ఈసారి గొంతులో కంగారు. యాదయ్య అనే ఆయన భార్యకు రొమ్ములో గడ్డ. బయాప్సీ, అంటే గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష, దాని రిపోర్టు వచ్చింది. రౌండ్‌కు వచ్చే డాక్టర్‌కు అది చూపిస్తేనే మర్నాటి ఆపరేషన్లలో ఆమె పేరు చేరుతుంది. పాపం ఆయన దవాఖానకూ కౌంటర్‌కూ మధ్య తిరుగుతున్నాడు. కౌంటర్ కంప్యూటర్లో కళ్లారా చూసిన రిపోర్టు, వార్డుకెళ్లి ఫోనులో నొక్కితే 'ఫర్బిడెన్' అంటోంది. చూడటానికి అనుమతి లేదని దానర్థం.

ఆ ట్రాఫిక్‌లో ఆటో కంటే కాళ్లే నయమని నడిచే వెళ్లాను. దారంతా ఎంత ఆలోచించినా ఒక్క ముక్క బోధపడలేదు. కౌంటర్ దగ్గర యాదయ్య ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీరెలా పంపుతారో ఒకసారి చేసి చూపించండి," అని ఎస్తేర్ గారిని అడిగాను.

ఆవిడ తన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, రిపోర్టు తెరిచి, పైనున్న లింకును కాపీ చేసి యాదయ్యకు వాట్సాప్‌లో పంపారు.

"ఓటీపీ కొట్టి వాళ్లే కదండీ తెరవాలి?"

"ఓటీపీలు గివన్నీ వాళ్లకేం తెలుస్తయి సార్? నేను ఎప్పుడూ గిట్లనే పంపుత. ఒక్కనాడు ఆగలే."

అప్పుడు వెలిగింది. ఒకసారి తెరిచిన పేజీ నకలును సర్వర్ తన దగ్గర ఉంచుకుంటుంది, దాన్ని కాష్ అంటాం. పాత సర్వర్ ఆ నకలును నువ్వెవరని అడగకుండా ఎవరికైనా ఇచ్చేసేది. కొత్త రిలీజ్‌లో సరిచేసిన బగ్గుల్లో అదొకటి. ఎస్తేర్ గారూ నేనూ లాగిన్ అయి చూస్తున్నాం కాబట్టి మాకు కనిపిస్తోంది.

"పాతదే మళ్ల పెట్టున్రి సార్. జనం తిప్పలు చూస్తలేరా?" అన్నారావిడ. నిజం చెప్పొద్దూ, నాకూ అదే సబబనిపించింది.

"ముందు ఈయనకు ప్రింటు తీసివ్వండి," అన్నాను. అంతసేపూ ఆ ఊహే ఎవరికీ తట్టలేదు. ఆ డాక్టర్‌తో సహా అందరికీ ఫోనులో చూడటం అలవాటైపోయింది మరి.

యాదయ్య కాగితం తీసుకున్నాడు కానీ కదల్లేదు. "సార్, అంటే ఇన్నొద్దులు గా లింకు ఎవలు ఒత్తినా తెరుసుకునేదా?"

"అవును."

"పోయిన నెల స్కానింగుది మా బామ్మర్దికి పంపబోతే మా బస్తీ గ్రూపుల పడ్డది. నా ఫోన్లనే తెరుసుకుంటదనుకొని ఫికర్ చెయ్యలే. ఎవ్వలకు చెప్పొద్దని ఇంటామె ఒట్టేయించుకుంది సార్."

ఆ లింకును నా ఫోనుకు పంపించుకుని, లాగిన్ కాకుండా నొక్కాను. ఫర్బిడెన్. ఆయనకు చూపించాను. "ఇప్పుడు ఎవరికీ తెరుచుకోదు."

"ఇప్పుడు సరే సార్," అని ఆయన దవాఖాన వైపు పరుగెత్తాడు.

సాయంత్రానికి ఆమె పేరు చేరిందని కబురొచ్చింది. పాత సర్వర్ మళ్లీ పెట్టలేదు. ఎస్తేర్ గారు నన్ను తిట్టుకుంటూనే ఒక్కొక్కరి పక్కన నిలబడి ఓటీపీ కొట్టిస్తున్నారు. నేనూ ఇప్పుడు ఏ బగ్ సరిచేశారని చదివినా, ఇన్నాళ్లూ దానితో మా వాళ్లు ఎలా నెట్టుకొచ్చారో చూడటానికి ముందు కౌంటర్‌కు వెళుతున్నాను. యాదయ్య ఇంటావిడకు ఆ గ్రూపు సంగతి ఎవరైనా చెప్పారో లేదో మాత్రం నాకు తెలియదు.