కడిగేసిన గాజుబుడ్లు

ఇన్నేళ్లయినా ఆ కడిగిన గాజుబుడ్లు గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది. తళతళలాడేట్టు తోమి, బల్లమీద వరసగా బోర్లించారు.

అప్పుడు నేను కరీంనగర్ కాలేజీలో పిల్లలకు వృక్షశాస్త్రం ప్రయోగాలు చేయించేవాణ్ని. ఆదిలాబాద్ అడవి అంచున ఒక ఊళ్లో మా మేనత్త పుండ్లకు మందు పెట్టేది. ఒక ముసలి మద్దిమాను మీద చెక్కలా గట్టిగా పెరిగే పుట్టగొడుగును ఎండబెట్టి, పొడిచేసి అద్దేది. ఆ ఏడు కంట్రాక్టరు మనుషులు ఆ మానును కొట్టేశారు. చుట్టుపక్కల మరే మాను మీదా అది దొరకలేదు. అత్త చివరి పచ్చిముక్క నా చేతిలో పెట్టింది.

"మీ కాలేజీల గాజుబుడ్లుంటయి గద బిడ్డా, అండ్ల పెంచి తేరాదు" అంది.

ఆ పొడిలో గుణముందో లేదో తేల్చాలన్నా ముందు అది బతకాలి. తెస్తానని మాటిచ్చాను.

ఆలుగడ్డలు ఉడికించిన నీళ్లలో బెల్లం కలిపి, ఆవిరిలో కాచి, చల్లారాక అందులో ఆ పచ్చిముక్క నుంచి తీసిన బూజు పోగు వేశాను. బెల్లం తగ్గితే పెరగలేదు, ఎక్కువైతే మొరాయించింది. సున్నపుతేట చుక్కలు చుక్కలుగా వేసి పులుపు సరిచేశాను. బుడ్డినిండా పోస్తే గాలాడక నీరసపడింది. మూడోవంతే పోసి, రోజుకు నాలుగుసార్లు చేత్తో తిప్పితే అప్పుడు తెల్లటి ఉండలు కట్టింది. కుదిపే యంత్రం కావాలని అర్జీ పెడితే నవ్వారు. ఎండలకు తడి గోనెసంచులు కప్పాను. ఆదివారాలూ పోయి తిప్పొచ్చేవాణ్ని. ఏడు నెలలు పట్టింది ఆ కొలతలు కుదరడానికి.

అంతలో ఎన్నికల డ్యూటీ పడింది. బుడ్లన్నిటికీ 'ముట్టవద్దు' అని ఇంగ్లీషులో చీటీలంటించి జమ్మికుంట వైపు పోయాను. నాలుగోరోజు తిరిగొచ్చేసరికి బుడ్లే కాదు, మళ్లీ పెంచడానికి విత్తనంగా అదే బూజును దాచిన గాజు గొట్టాలు కూడా కడిగేసి ఉన్నాయి.

"తనిఖీకి పెద్దోళ్లొస్తుండ్రు. గదినిండ బూజు పెట్టుకుంటే నా ఇజ్జత్ ఏం గావాలె?" పోయి అడిగితే అన్నాడు ప్రిన్సిపాల్. సైన్సు చదివినవాడే. ఆ ముఖం చూస్తే ఇప్పటికీ నాకు అసహ్యం.

ప్రయోగాల గదికి తిరిగొచ్చి అటెండరు మీద విరుచుకుపడ్డాను. "చీటీలు కనబడలేదా?"

"ఇంగ్లీషుల రాస్తిరి సాబ్. నాకు ఉర్దూ సదువుడొక్కటే వస్తది. మీరొచ్చి పరేషాన్ గావద్దని సోడా ఏసి రెండుసార్లు తోమిన."

అతనికి ఉర్దూ తప్ప చదవడం రాదని నాకు తెలుసు. నేను చదివిందీ ఉర్దూ బడిలోనే. కానీ ఉర్దూ సర్కారు పోయి తెలుగు రాష్ట్రం వచ్చాక ఆ రాత రాయడం నాకు నామోషీ అయింది. రెండు మాటలు ఉర్దూలో రాసుంటే ఆ మనిషి పెద్దసారుకు ఎదురునిలిచైనా వాటిని కాపాడేవాడు. నా డాబుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

అత్త ఊరికి వట్టి చేతులతో పోయాను. గడప పక్కన ఒకాయన కాలిపుండుకు గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. జరిగింది చెప్పాను.  అత్త ఆయనవైపు తిరిగింది.

"మందు లేదు కాకా, ఇగ రాదు. జిల్లా దవాఖానకు పో."

"కాలేజీ సారు తెస్తుండంటివి గదమ్మా" అన్నాడాయన. ఆ సారు నేనేనని ఆయనకు తెలియదు. అత్త చెప్పలేదు. నేనూ చెప్పలేదు.