కార్ల్‌స్రూహే దాకా వెళ్ళని కేసు

కొలోన్‌లో కొంతకాలం నన్ను అందరూ "కేసన్న" అని పిలిచేవారు. తెలుగువాళ్ళం ఆదివారం హాలు అద్దెకు తీసుకుని కలిసినప్పుడు పులిహోర వడ్డించే ఆవిడ సైతం, "కేసన్నకు ఇంకో గరిటె వెయ్యండి, కోర్టంటే ఓపిక కావాలి" అనేది. పైకి సిగ్గుపడినా లోపల గొప్పగానే ఉండేది. ఇప్పుడు ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నేను కైసర్స్‌లౌటర్న్‌లో ఎమ్మెస్ చేసి కొలోన్‌లో ఉద్యోగంలో చేరాను. నా జీతం, పెద్ద జీతమున్న విదేశీయులకు జర్మనీ ఇచ్చే బ్లూ కార్డు గీతకు కాస్త కింద ఆగిపోయింది. అప్పటి చట్టం ప్రకారం బ్లూ కార్డు ఉన్నవాడి భార్య ఒక్క జర్మన్ ముక్క రాకపోయినా విమానం ఎక్కవచ్చు. నాలాంటి మామూలు పర్మిట్ వాడి భార్య మాత్రం ముందు ఇండియాలోనే జర్మన్ పరీక్ష పాసవ్వాలి. ఆఫీసులో నా పక్క సీటతను మా జిల్లావాడే, నాతో పాటు చదివినవాడే, కానీ అతనికి బ్లూ కార్డు ఉంది. వాళ్ళావిడ పెళ్ళయిన కొన్నాళ్ళకే వచ్చేసి అతనికి క్యారియర్ కట్టి పంపేది. మధ్యాహ్నం అతను మూత తీస్తే నాకు ఒళ్ళు మండేది.

మా ఆవిడ అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగుకు వెళ్ళేది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమెకు ఎడమ చెవి వినపడకుండా పోయింది. పరీక్షలో స్పీకర్లోంచి వచ్చే మాటలు విని జవాబులు రాసే భాగం ఒకటి ఉంటుంది. రాసిన ప్రతిసారీ అక్కడే పోయింది.

"నాకు సదువుడొస్తది, రాసుడొస్తది. ఆ డబ్బాలకెంచి వచ్చే మాటనే సమజైతలేదు," అని ఫోన్లో ఏడ్చింది.

చెవి సంగతి చెప్పి పరీక్ష లేకుండా వీసా అడిగితే, ఒక చెవి పనిచేస్తోంది కదా అని కాదన్నారు. కోపం నెత్తికెక్కి లాయరు దగ్గరికి పరుగెత్తాను. నాతో వచ్చినవాడు కైసర్స్‌లౌటర్న్‌లో నా రూమ్మేటు, భీమవరం వైపు వాడు, నన్ను నోరారా అన్నయ్యా అని పిలిచేవాడు, నేనూ తమ్ముడనే అనేవాణ్ణి. అతని పరిస్థితీ ఇదే. వాళ్ళావిడ టైలరింగ్ షాపు మూసేసి మా ఆవిడ ఉన్న హాస్టల్లోనే చేరింది. పరీక్ష హాల్లో కూర్చుంటే చాలు, భయానికి ఆమె నేర్చుకున్నవన్నీ మరిచిపోయేది.

లాయరు పెద్దావిడ, జర్మన్. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "చట్టం చేసింది జనం ఎన్నుకున్న సభ. బెర్లిన్‌లో మన కేసు వినే జడ్జీలు దాన్ని కొట్టేయలేరు. రాజ్యాంగానికి విరుద్ధమని గట్టిగా నమ్మితే కార్ల్‌స్రూహేలోని రాజ్యాంగ న్యాయస్థానానికి పంపాలి. అక్కడ కూడా ఇది మంచి చట్టమా అని అడగరు. చట్టసభ కోరుకున్నది న్యాయమైనదేనా, దానికి ఈ పరీక్ష పనికొస్తుందా, ఇంతకంటే తక్కువ బాధపెట్టే దారి లేదా, ఇద్దరు భర్తల మధ్య ఈ తేడాకు తగిన కారణం ఉందా, ఇవి చూస్తారు. అయితే ఒకటి. ఆ చట్టం వల్ల నిజంగా బాధపడుతున్న మనిషి కోర్టు ముందు నిలబడి ఉండాలి. ఊరికే ప్రశ్న అడిగితే జవాబివ్వరు."

నిలబడే మనిషిని నేనయ్యాను. తమ్ముడికి అప్పుడే పర్మిట్ రెన్యువల్ ఉంది, భయపడ్డాడు. "మీది గెలిస్తే మాదీ గెలిచినట్టే కదన్నయ్యా," అన్నాడు. సెలవు పెట్టి మరీ లాయరు దగ్గరికి నా వెంట వచ్చేవాడు. హాల్లో భార్యలకోసం ఎదురుచూస్తున్న మిగతావాళ్ళు నన్ను చుట్టుముట్టి ఎంతవరకు వచ్చిందని అడిగేవారు.

విచారణ దగ్గరపడ్డాక లాయరు ఫోన్ చేసింది. వీసా ఇచ్చేవాళ్ళు దిగివచ్చారట. చెవి కారణంగా మా ఆవిడకు ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తామని, కేసు ముగిసిందని మేము ఒప్పుకోవాలని అన్నారట.

"మీకిది గెలుపే," అంది. "కానీ మీ బాధ తీరిపోతే కోర్టు ముందు ప్రశ్న ఉండదు. చట్టం ఉన్నచోటే ఉంటుంది. కాదంటే నేను పోరాడతాను. ఏళ్ళు పట్టొచ్చు, హామీ ఇవ్వలేను. ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించడానికి ఏముందన్నాను. ఆ మాట నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

సాయంత్రం తమ్ముడికి చెప్పాను. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. "మంచిదన్నయ్యా! వదిన వచ్చేత్తంది, అంతకంటే ఏం కావాలండి," అన్నాడు. మళ్ళీ నాలుగు ముక్కలు తరిగి, తనలో తాను అనుకున్నట్టు, "మా ఆవిడకి రెండు చెవులూ బాగానే వినపడతాయి కదా," అన్నాడు. అది ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది, నేనూ ఓ మాట అని తేలికపడేవాణ్ణి.

హాల్లో చప్పట్లు కొట్టారు. కేసన్న గెలిచాడన్నారు. ఎదురుచూసేవాళ్ళలో ఒకాయన, "మరి మా సంగతో?" అని అడిగితే లాయరు నంబరిచ్చి తప్పించుకున్నాను.

మా ఆవిడ వచ్చింది. ఊరి ఆఫీసులో ఆమె చిరునామా నమోదు, అదే ఆన్‌మెల్డుంగ్, చేయించడానికి అపాయింట్‌మెంట్ పట్టుకొచ్చింది కూడా తమ్ముడే. చాలా ఏళ్ళ తర్వాత చట్టసభే ఆ నిబంధనను మాలాంటివాళ్ళకు సడలించింది, ఏ కోర్టూ చెప్పకుండానే. అతను అంతవరకు ఆగలేకపోయాడు. ఉద్యోగం మానేసి ఇండియాకు వెళ్ళిపోతూ మా ఇంటికి భోజనానికి వచ్చాడు.

"కేసు నడుస్తనే ఉంది గదా తమ్మీ, ఇంకొన్నొద్దులు ఆగరాదు?" అంది మా ఆవిడ. వీసా వచ్చిందని తప్ప ఆమెకు నేనేమీ చెప్పలేదు.

అతను నావైపు చూశాడు. "నావల్ల కావట్లేదండి వదినా," అని కంచంలోకి తలవంచుకున్నాడు.

అతను వెళ్ళాక ఆమెకు మొత్తం చెప్పాను. గిన్నెలు సర్దడం ఆపి కుర్చీలో కూర్చుంది.

"నన్నడిగినవా?"

"నువ్వు ఏడుస్తుంటివి గదా."

"ఏడుస్తే అడుగొద్దా? అడిగితే వస్తనందునో, ఆగుతనందునో. ఇప్పుడు నాకే ఎర్కలేదు." తర్వాత అంది: "హాస్టల్ల రోజూ నా కుడిచెవి పక్కన కూసొని ఆ జర్మన్ మాటలు సదివి ఇనిపించింది వాళ్ళామెనే. తన సదువు పక్కకు పెట్టి సదివింది. ఇప్పుడు ఫోన్ జేసి ఆమెకు ఏం జెప్పాలె?"

నేను చెప్తానన్నాను.

"నువ్వొద్దు," అంది.