గాజుతో నునుపు చేసిన పొడి

సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు పని మొదలైంది. కర్నూలులోని మా కళాశాల ఎక్స్‌రే యంత్రం ముందు నేనూ, మైదుకూరు నుంచి వచ్చే పరిశోధక విద్యార్థినీ కూర్చున్నాం. రిటైరయ్యాక కూడా ఆ యంత్రాన్ని నేనే చూస్తున్నాను.

ఆమె తెచ్చింది కడప వైపు గనిలో దొరికిన బెరైటీస్ అనే ముగ్గురాయి స్ఫటికం. అందులో కొంచెం స్ట్రాన్షియం అనే లోహం ఉంది. ఆ పరమాణువులు ఎక్కడ కూర్చున్నాయో తేల్చడమే ఆమె థీసిస్‌లో చివరి అధ్యాయం. గని గుంతలోకి నీళ్లు వచ్చాయి, మరో స్ఫటికం దొరకదు. నూరితే గ్రాము పొడి వచ్చింది.

యంత్రం గీసిన గ్రాఫ్‌లో బెరైటీస్‌కు రావలసిన శిఖరాలన్నీ వాటి చోటనే ఉన్నాయి. ఒకటి మాత్రం ఉండాల్సిన ఎత్తుకు రెట్టింపు లేచింది. దాని చాటున ఇంకేదో రాయి దాక్కుందని నాకు అనుమానం. ఆమె తండ్రిది బెరైటీస్ పొడి కొట్టే మిల్లు. అట్లాంటి మిల్లుల పొడిలో సున్నపురాయి కలపడం నేను ఎన్నోసార్లు పట్టుకున్నాను.

“ఈ రాయి యాడిది?”

“మా నాయనే చేత్తో ఏరి తెచ్చినాడు అవ్వా.”

“మీ నాయన చెయ్యంటేనే నాకు భయం.”

“కూతురి చదువులో గూడా సున్నం కలుపుతాడా?” అని నవ్వబోయి ఆగింది.

ఆమె చేత కొంచెం పొడిని పలచని ఆమ్లంలో వేయించాను. సున్నపురాయి ఉంటే బుసబుస పొంగాలి. పొంగలేదు. నమ్మక మళ్లీ వేయించాను, మూడోసారీ వేయించాను. ప్రతిసారీ వడకట్టిన నీళ్లు పాలలా సింకులోకి పోయాయి.

“అవ్వా, పోతాండేది నా రాయే!”

మిగిలింది ఆరబెట్టి గురువారం మళ్లీ యంత్రంలో పెట్టించాను. శిఖరం అంతే ఎత్తు.

మరోసారి ఆమె యంత్రంలో పెట్టే పళ్లెం నింపుతుంటే పక్కనే నిలబడ్డాను. పొడి పోసి గాజు పలకతో గట్టిగా అటూ ఇటూ రుద్దింది. కిటికీ వెలుగులో అది తళతళలాడింది. బెరైటీస్ పలకలు పలకలుగా విరుగుతుంది. ఆ రుద్దుడుకు పలకలన్నీ వెల్లకిలా పడుకున్నాయి. ఒకే ముఖం పైకి చూస్తే ఒకే శిఖరం లేస్తుంది.

“ఇట్లా రుద్దమని ఎవరు చెప్పినారు?”

“మిల్లులో గిరాకీకి చూపేటప్పుడు ఇట్లనే నున్నగా చేస్తాం.”

రుద్దకుండా పక్కనుంచి వదులుగా నింపే పళ్లెం వేరే ఉంది. దాంట్లో పలకలు పడుకోవు, కానీ దానికి గ్రాము నిండా పొడి కావాలి. మిగిలింది చాలలేదు; ఎత్తులు సరిగా రాకపోతే పరమాణువుల చోటు తేలదు.

“మా నాయన రాయిలో కల్తీ లేదని రాసిస్తారా, మేడమ్?” అంది.

“ఈ రాయికి రాసిస్తా. మిల్లుకు రాయను.”

పోయినవి: అర గ్రాముకు పైగా బెరైటీస్, మూడు వడపోత కాగితాలు, నాలుగు రోజుల యంత్రం, ఒక అధ్యాయం.