కంపెనీ గేటు దగ్గర మా తాత

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ కలిసి తిట్టుకునేది ఒక్కదాన్నే. దాని పేరు కటింగ్. జీతం రోజున మా నాయన కవరు తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ నెల గూడ కోసిండ్రా?" అని అడిగేది. ముసలితనంలో పనికొస్తుందని కంపెనీవాళ్లు జీతంలో కొంత పట్టుకుంటారని నాయన చెప్పేవాడు. వాన పడితే ఇల్లంతా గిన్నెలు పరవాల్సిన మాకు, ఎప్పుడో రాబోయే ముసలితనం గురించి ఎవడో పట్టించుకోవడం ఎగతాళిలాగే ఉండేది. మా అమ్మ ఆ కంపెనీవాళ్లను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ, వినడానికి మాత్రం చాలా బాగుండేవి.

మాది పాశమైలారం పక్కనే చిన్న ఊరు. ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు మా చెలక, అంటే మాకున్న మెట్ట పొలం, వాటి కిందికి పోయింది. దానికి బదులుగా మా తాత చేతికి నష్టపరిహారం, నాయనకు పర్మినెంట్ ఉద్యోగం వచ్చాయి. అంత డబ్బు ఒక్కచోట తాత ఎన్నడూ చూడలేదు. రేడియో కొన్నాడు. యాటను కోసి చుట్టాలందరికీ దావత్ ఇచ్చాడు. అడిగినవాడికల్లా చేబదులిచ్చాడు. మళ్లీ వానాకాలం వచ్చేసరికి రేడియో ఒక్కటే మిగిలింది. ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే కథ. తాగుబోతులై పోగొట్టుకున్నారని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పటిదాకా మా తాత చేతికి వచ్చినవన్నీ మరుసటేడు మళ్లీ వచ్చేవే. ఈ ఏటి జొన్నలు తినేస్తే వచ్చే ఏడు మళ్లీ జొన్నలు పండేవి. ఒక్కసారే వచ్చి మళ్లీ రానిదాన్ని ఎలా వాడుకోవాలో ఆయనకు ఎవరు నేర్పారు గనుక?

చెలక పోయాక తాతకు చేయడానికి పని లేదు. తిండికి లోటు లేదు. కానీ చుట్టలకు పైసలు కావాలంటే నాయనను అడగాలి. తాత అడిగేవాడు కాదు. నన్ను మెల్లగా పక్కకు పిలిచి, "మీ నాయినను అడుగు బిడ్డా, నీ పేరు మీద అడుగు," అనేవాడు. నేను పిప్పరమెంట్లకని అడిగి తెచ్చి ఇచ్చేదాన్ని. నాయనకు తెలియకుండా ఉంటుందా? తెలిసీ తెలియనట్టు ఇచ్చేవాడు. నాకు అదొక ఆటలా ఉండేది. ఆ పైసలు అందుకునేటప్పుడు తాత ముఖం ఎలా ఉండేదో నేను పెద్దయ్యాక గుర్తొచ్చింది.

మా పక్కింటి చాచా, నాయన ఒకే మెషిన్ మీద పనిచేసేవాళ్లు. ఆ రోజుల్లో మా వైపు ఒక పద్ధతి మొదలైంది. పర్మినెంట్ ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం, కొన్నాళ్లు ఇంట్లో కూర్చోవడం, పట్టుకున్న పి.ఎఫ్. అంతా ఒక్కసారి చేతికి తీసుకోవడం, ఆ తర్వాత కాంట్రాక్టర్ కింద చేరి మళ్లీ అదే గేటులోంచి అదే మెషిన్ దగ్గరికి పోవడం. చాచా అలాగే చేశాడు. ఆ పైసలతో ఇంటికి స్లాబు వేశాడు. మా గూన పెంకుల ఇంటి పక్కన ఆ స్లాబు మెరిసిపోయేది. వాన పడినప్పుడు వాళ్ల పిల్లలు ఇంట్లో హాయిగా నిద్రపోతుంటే మేము గిన్నెలు మార్చుకుంటూ కూర్చునేవాళ్లం. ఇక మా అమ్మకు నిద్ర పడుతుందా? నాయనకూ ఆశ పుట్టింది. "జల్దీ రాసియ్యి భాయ్, పైసలు చేతికొస్తయ్, కటింగ్ పీడ పోతది," అని చాచా కూడా మంచికే చెప్పాడు. వచ్చే జీతం తీసుకున్నాక రాజీనామా ఇచ్చేద్దామని నాయన, అమ్మ అన్నం దగ్గర తేల్చుకున్నారు. తాత పక్కనే తింటున్నాడు. చెలక పైసలు పోగొట్టినవాడిగా, డబ్బు సంగతిలో మాట్లాడే హక్కు తనకు లేదని ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నాడు.

మరునాడు పొద్దున్నే తాత స్నానం చేసి, తలకు నూనె రాసుకుని ఎటో వెళ్లిపోయాడు. ఆ తర్వాత రోజూ వెళ్లేవాడు. ఎక్కడికని అడిగితే, "పనుంది," అనేవాడు. ఒక రోజు నాయన షిఫ్టు నుంచి వచ్చి సైకిల్‌ను గోడకు విసిరినట్టు ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడు. అమ్మ అడగ్గా అడగ్గా చెప్పాడు. కంపెనీ గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ వచ్చాడట. అది మా తాతేనట.

నాకు చూడాలనిపించింది. బడి లేని రోజు తాతకని అమ్మ కట్టిచ్చిన సద్ది పట్టుకుని వెళ్లాను. నిజంగానే తాత. ఎవరి కోసమో కుట్టిన ఖాకీ చొక్కా. చేతులు వేళ్లదాకా వచ్చాయి. టోపీ చెవుల మీద ఆగింది. సైరన్ మోగింది. మధ్యాహ్నం షిఫ్టువాళ్లు వస్తున్నారు. వాళ్లలో నాయన కూడా ఉన్నాడు. నాయన సైకిల్ గేటు దగ్గరికి రాగానే తాత నిటారుగా నిలబడి, కర్ర చంకలో పెట్టి, గట్టిగా సలాం కొట్టాడు. పక్కనున్నవాళ్లు పక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నాయన తల దించుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తల చూశాక నవ్వు ఆగిపోయింది.

ఆ వారం జీతాలిచ్చారు. ఇంటికి రాగానే నాయన తాత ముందు నిలబడ్డాడు.

"నా ఇజ్జత్ తీస్తున్నవ్ నాయినా. ఈ వయసుల నీకు గీ నౌకరి ఏంది? నేను తిండి పెడ్తలేనా?"

"పెడ్తున్నవ్ బిడ్డా, ఎందుకు పెడ్తలేవ్. గని నా చుట్టకు నీ బిడ్డ నీ ముందు చెయ్యి చాపుతున్నది. నాకది మంచిగనిపిస్తలేదు."

తాతే మళ్లీ అందుకున్నాడు. తన చేతిలోంచి పైసలు పోతుంటే పట్టుకునేవాడు ఒక్కడూ లేకపోయాడని, ఉంటే తనూ వాడిని తిట్టేవాడేనని అన్నాడు. "ఇయ్యాల గా గేటు కాడ నేను నిలవడ్డ. నీకు నా వయసొచ్చేనాటికి ఏ గేటు కాడ నిలవడ్తవో, అది ఇప్పుడే సూసి పెట్టుకో," అన్నాడు. గొంతు పెంచలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి గడపలో నిలబడిపోయింది.

గోడ అవతల చాచా అంతా విన్నాడు. కాసేపటికి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. "రాసియ్యిమన్నది నేనే భాయ్, వద్దంటున్నది గూడ నేనే. కటింగ్ పోయిందని ఖుషీ అయిన. గని మనం ఏసినంత కంపెనీ గూడ ఏస్తుండె గద, అది గూడ పోయింది. మిత్తి మీద మిత్తి ఎక్కుతుండె, అదీ పోయింది. పర్మినెంట్ మళ్ల ఇస్తరా? స్లాబు కింద కూసొని పరేషాన్ అయితున్న," అన్నాడు. ఒక మనిషి తన పొరపాటును ఇంకొకడు చేయకూడదని గడప దాటి వచ్చి చెప్పడం చిన్న సంగతి కాదు. ఆయన మీద నాకు ఆ రోజు పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

మిత్తి మీద మిత్తి అంటే ఏమిటని తాత అడిగాడు. చాచా విడమర్చి చెప్పాడు. తాత కాసేపు ఆలోచించి, "అంటే ఆడ మ్యాక తీరు. దానికి పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు. నడిమిట్ల కోసుకుంటే ఒక్కనాటి కూర," అన్నాడు. నేను తర్వాత చదువుకున్న వడ్డీ లెక్కలన్నీ నాకు ఆ ఒక్క మాటతోనే అర్థమయ్యాయి.

నాయన రాజీనామా మాట మళ్లీ ఎత్తలేదు. పగిలిన పెంకులు మార్పించాం. అమ్మ స్లాబు ఆశను చాలా ఏళ్లు వాయిదా వేసుకుంది. దానికి ఆమె నాయనను అప్పుడప్పుడూ సాధించేది కూడా. చాచా పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఖాతా తెరిచి, పోయినదాన్ని మొదటి నుంచి పోగు చేసుకోవడం మొదలుపెట్టాడు.

ఇదంతా నాయనను దారికి తేవడానికి తాత వేసిన ఎత్తు అనుకున్నాం. ఇక మానేస్తాడనుకున్నాం. ఆయన మానలేదు. నాయన బతిమాలితే, "నిన్ను ఆపుడు ఒక్కటే పనా? నాకు గూడ పైసలు కావాలె," అన్నాడు. మొదటి జీతంతో చుట్టలు తనే కొనుక్కున్నాడు. నాకు నిజంగానే పిప్పరమెంట్లు కొన్నాడు. మిగిలినదాంట్లో కొంత తన పేరున పోస్టాఫీసులో వేయమని చాచాకు ఇచ్చాడు. ఈ వయసులో ఇంకా దాచుకోవడం ఎందుకని అమ్మ నవ్వింది. "ఇంకా ముసలోణ్ణి అయిత గద," అన్నాడు తాత. అయ్యాడు కూడా. కాళ్లు మొరాయించి మంచాన పడ్డాక ఆయన మందులు ఆయన పైసలతోనే వచ్చాయి. చివరిదాకా మా నాయనతో దర్జాగా మాట్లాడాడు. నాయన రిటైరై పెన్షన్ తెచ్చుకున్న మొదటి రోజు తాత ఫొటో ముందు చాలాసేపు నిలబడి ఏడ్చాడు.

నేను పటాన్‌చెరులో మాత్రలు ప్యాకింగ్ చేసే కంపెనీల్లో పనిచేస్తూ వచ్చాను. కంపెనీ మారిన ప్రతిసారీ పి.ఎఫ్. తీసేసుకోమని తోటివాళ్లు అన్నారు. నేను కొత్త కంపెనీకి మార్పించుకున్నానే గానీ తీయలేదు. తర్వాత మా కొడుకు చెబితే నెలకు కొంచెం మ్యూచువల్ ఫండ్‌లో కూడా వేశాను. అది మొదటిసారి పడిపోయినప్పుడు రెండు పూటలు అన్నం సయించలేదు. కానీ నడిమధ్యలో చెయ్యి పెట్టలేదు. మా లైన్లో పనిచేసే ఒడిశా పిల్లలు, బీహార్ పిల్లలు, "ఆంటీ, ఇంత జీతంలో ఏం దాచాలి?" అని అడుగుతారు. ఎంతన్నది వాళ్ల ఇష్టం, ఎవరి కోసమో మాత్రం చెబుతాను.

జీతం వచ్చిన రోజు పిల్లల ఫీజు, కిరాయి, బియ్యం, అత్తగారి మందులు అనుకుంటున్నప్పుడు నేను ఇంకొక మనిషిని కూడా కలుపుకునేదాన్ని. ఆమెను అప్పటికి చూడలేదు. మోకాళ్లు నొప్పి పెడతాయని, ఎవరినీ అడగడానికి మనసొప్పదని మాత్రం తెలుసు. చేతిలో ఏమీ మిగలని నెలల్లో కూడా ఆమె వాటా కొంచెమైనా పక్కన పెట్టాను. వచ్చే నెల నేను రిటైర్ అవుతున్నాను. అద్దంలోకి ఆమె వచ్చేస్తోంది. రానీ, నాకు భయం లేదు.