సూదికి ఆరు దిక్కులు

బుచ్చన్న ఆఖరుసారి చేసిన పని కూడా ఫోటో అడగడమే. "గ్లౌజులు ఏస్కొని ఆరు దిక్కుల ఫోటోలు తియ్యి కొడుకా. నేను జూసి చెప్పేదాంక పంపకు" అని సాగర్‌కు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఫోటో చూడనిదే ఏ వస్తువునూ సముద్రం దాటనివ్వని మనిషి ఆయన.

జగిత్యాలలో ఆయనది కుట్టుమిషన్ల రిపేరు దుకాణం. సిరిసిల్ల, కోరుట్లల్లోని పాత విదేశీ మిషన్లన్నీ ఆ గడప ఎక్కేవి. వాటి సామాను ఏ జపాన్‌లోనో కొంటే, షార్జాలోని ఒక గోడౌనుకు చేరేది. అక్కడ డబ్బా విప్పి, ఫోటో తీసి, కొన్నవాళ్లు సరేనంటేనే ఇండియాకు పంపుతారు. ఆ ఫోటోలు తీసేవాడు గొల్లపల్లి సాగర్. అక్కడ తెలుగు వచ్చినవాడు అతనొక్కడే కాబట్టి బుచ్చన్న అతని పాలబడ్డాడు. నిజానికి అతనే బుచ్చన్న పాలబడ్డాడు.

మొదటి పార్సిల్లో సూదులొచ్చాయి. సాగర్ ఒక ఫోటో పెట్టాడు.

"ఇది ఒక్క దిక్కే గదా. మిగిలినయి?"

"సూదికి దిక్కులేంది కాకా?"

"డబ్బాకు ఆరుంటయి. సూది ఏం పాపం జేసింది?"

సాగర్ సూదిని నిలబెట్టి, పడుకోబెట్టి తీశాడు. మొన వైపు నుంచి తీసిన ఫోటోలో ఒక చుక్క తప్ప ఏమీ కనిపించలేదు. బుచ్చన్నకు అన్నిటికన్నా అదే నచ్చింది.

"మంచిగొచ్చింది. ఇగ పక్కన నీ చెయ్యి పెట్టి తియ్యి. సైజు తెల్వాలె."

"స్కేలు పెడ్తనే."

"స్కేలును నమ్మొద్దు కొడుకా. నాలుగు దుకాణాలల్ల కొంటే నాలుగు తీర్లుంటయి."

మూడేళ్లు అదే వరస. ఏ సామాను తెప్పించినా అందులో సూదుల ప్యాకెట్ ఒకటుండేది. సూది పక్కన సాగర్ చెయ్యి. తోటివాళ్లు దానికి 'హీరో చెయ్యి' అని పేరు పెట్టారు.

ఒకసారి బుచ్చన్న ఫోన్ చేశాడు. "ఆ సూపుడువేలికేమైందిరా?"

"అట్టపెట్టెకు కోసుకుంది. సూదిని చూడు కాకా నువ్వు!"

"సూస్తనే ఉన్న. నడుమ నీ వేలే అడ్డమొస్తున్నది."

ఆ తర్వాత గ్లౌజులొచ్చాయి. కాక ఇప్పుడు మిషన్లకు కూడా గ్లౌజులు తొడుగుతున్నాడేమో అనుకున్నాడు సాగర్. చేతికి ఆరు చొప్పున పన్నెండు ఫోటోలు పంపాడు. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

వారం గడిచింది. సరే అననిదే పంపకూడదు కాబట్టి గ్లౌజులు ర్యాకు మీదే ఉన్నాయి. కాకకు ఏం తప్పు కనిపించిందోనని సాగరే ఆ ఫోటోలను పెద్దవి చేసి చేసి చూసుకున్నాడు. ఏమీ దొరకలేదు.

ఎనిమిదో రోజున బుచ్చన్న బిడ్డ ఊర్మిల ఫోన్ చేసింది. ఫోటోలు చూసిన మర్నాడే, దుకాణంలో చాయ్ తాగుతూ కుర్చీలోనే బాపు పోయిండని చెప్పింది.

సాగర్‌కు తోచింది ఒక్కటే. "మరి గ్లౌజులు పంపాల్నా అక్కా?"

"ఎక్కడికి పంపుతవ్ తమ్మీ? అవి నీకే. నలభై ఏండ్లు సూదులు వట్టిన మనిషికి సూది పొడుగు ఎర్కలేకనా? సూదిని వెట్టి నీ చెయ్యి కొలిచిండు."

సాగర్ ఫోన్ చెవికి ఆనించుకునే ర్యాకు దగ్గరికి నడిచాడు.

"ఫోటోలు సూసి ఏమన్నడో ఎర్కేనా? 'కుడిది సరిపోయింది. ఎడమ బొటనవేలు కాడ వదులున్నది, వాపస్ చెయ్యుమనాలె' అన్నడు."

సాగర్ ర్యాకు మీది ఎడమ గ్లౌజు తొడుక్కుని బొటనవేలు కదిపి చూశాడు. వదులుగానే ఉంది.