ఇస్సాకు చెప్పిన సాక్ష్యం

జమ్మిపాలెం పల్లెలో రెబ్కాను ఎరగనివాళ్లు లేరు. మిరపకోతలు మొదలైతే పన్నెండుమంది ఆడకూలీల ముఠాకు ఆమే పెద్ద. ఎవరి చేలో ఎప్పుడు దిగాలి, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరిని ఎండలో ఎక్కువసేపు ఉంచకూడదు, అన్నీ ఆమె తలలోనే ఉండేవి. చదివింది ఐదో తరగతి. మాట్లాడేది తక్కువ. పల్లె నడుమ ఉన్న లూథరన్ గుడికి ఆమె తాత రాళ్లు మోశాడు. ఆ గుళ్లోనే నలభై రోజుల పిల్లగా ఆమె నెత్తిన అయ్యగారు నీళ్లు చిలకరించారు. నువ్వు క్రైస్తవురాలివేనా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న ఒకటుంటుందని నలభై ఆరేళ్ల దాకా ఆమెకు తెలియదు.

బైబిల్లో మొగుడూ పెళ్లాల పేర్లే, బాగా కలిశాయని ఆ అయ్యగారే నవ్వుతూ ఇస్సాకుతో పెళ్లి ఖాయం చేశారు. మనిషి మంచివాడు, పనిమంతుడు. పెళ్లైన మూడో ఏడు పత్తిచేలో మందు కొడుతూ కొడుతూ విరుచుకు పడిపోయాడు. నోట్లో నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం. చేతిలో తాళాలు పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు. చివరికి గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఒకటే మాట చెప్పాడు. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బాగుంది కదా అని ఒక్క పూట మానినా మళ్లీ మొదలవుద్దమ్మా." ఇరవై ఏళ్లుగా రెబ్కా ఆ రెండు మాత్రలూ తన చేత్తోనే ఇచ్చింది. మాత్రలు మానలేదు గానీ ఇస్సాకు తాగుడూ మానలేదు. తాగిన రోజు ఫిట్స్ వచ్చేవి.

మూడేళ్ల క్రితం ఊరి చివర పాడుబడ్డ పొగాకు కాల్చే బ్యారన్ పక్కన రేకుల షెడ్డు లేచింది. చీరాల వైపు నుంచి వచ్చిన బ్రదర్ నతానియేలు దాన్ని ప్రార్థన మందిరం చేశాడు. నలభై దాటని మనిషి, తెల్లబట్టలు, మెత్తటి గొంతు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడేవాడు. గుడివాళ్లకు ఆయన ఒక పేరు పెట్టాడు, నామకార్థ క్రైస్తవులని. పసిపిల్ల నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే అది బాప్తిస్మం కాదన్నాడు. నిజమైన విశ్వాసి నీళ్లలో మునిగి లేవాలి, నగలు తీసేయాలి, రోగమొస్తే ప్రభువు దగ్గరికి పోవాలి గానీ మందుల షాపుకు పోకూడదన్నాడు. ఆయన తల్లి ఆపరేషను బల్లమీద పోయిందట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి. అవి దొంగనీళ్లు కావని రెబ్కాకు తెలుసు. అందుకే ఆయన్ని చూస్తే ఆమెకు ఎక్కువ భయం వేసేది.

ఇస్సాకు ఆ షెడ్డుకు పోవడం మొదలుపెట్టిన రెండో నెలలో తాగుడు మానేశాడు. ఇరవై ఏళ్లు తాను ఏడ్చినా మానని మనిషి! ఆ ఒక్క మేలుకు రెబ్కా ఆ రేకులకేసి చేతులెత్తి దణ్ణం పెట్టింది. తనూ ఆదివారం పొద్దున గుడికి పోయి, మధ్యాహ్నం ముసుగేసుకుని షెడ్డులో కూర్చునేది. చెవిదుద్దులు మాత్రం తియ్యలేదు.

ఆ ఏడు కాలువలకు నీళ్లు వదిలాక ఇస్సాకు సాగర్ కాలువలో ముంచుడు బాప్తిస్మం తీసుకున్నాడు. గట్టుమీద జనం పాటలు పాడుతున్నారు. నీళ్లలోనుంచి లేచినవాడు లేచినట్టే, గట్టుమీది చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి కాలువలోకి విసిరాడు. అది ఎర్రనీళ్లలో తిరుగుతూ పోయింది. జనం హల్లెలూయ అన్నారు. రెబ్కా కళ్లు ఆ అట్ట వెంటే పోయాయి.

"మావా, డాక్టరేం చెప్పాడో మరిచిపోయావా?" అంది ఇంటికొచ్చాక.

"నీది గుడి విశ్వాసమే. మాత్రను నమ్ముద్ది గానీ ప్రభువును నమ్మదు" అన్నాడు ఇస్సాకు. కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు.

పదకొండో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ పడిపోయాడు. నాలుక తెగింది. బ్రదర్ వచ్చి తల నిమిరి, ఇది శోధన, నీ విశ్వాసానికి పరీక్ష, నిలబడాలి అన్నాడు. ఇస్సాకు నెత్తురు నోటితో ఆమెన్ అన్నాడు.

ఆ సాయంత్రమే రెబ్కా చిలకలూరిపేట పోయి మాత్రలు తెచ్చింది. పచ్చళ్ల జాడీ వెనక దాచింది. సన్నికల్లు మీద పొడి చేసి గోంగూర పచ్చడిలో కలిపింది. ఆ పులుపు ముందు మాత్ర చేదు ఓ లెక్కా! ఇస్సాకు రెండు ముద్దలు తిని, "పచ్చడి బాగా కుదిరిందే" అన్నాడు. ఆమె పొయ్యికేసి తిరిగి కూర్చుంది. పొద్దున గోంగూర, సాయంత్రం చింతకాయ, పచ్చడి లేనినాడు మజ్జిగ. అలా నెల గడిచింది. మూడు నెలలు గడిచాయి. ఇస్సాకు మళ్లీ పడలేదు. ముఖంలో కళ వచ్చింది. మందిరంలో అతనికి ముందు వరసలో చోటిచ్చారు.

సంక్రాంతి దాటాక మందిరంలో మూడు రోజుల స్వస్థత కూటాలు పెట్టారు. పర్చూరు, అద్దంకి వైపు నుంచి ఆటోల్లో జనం వచ్చారు. ఆఖరి రోజు సాక్ష్యం చెప్పమని ఇస్సాకును మైకు ముందు నిలబెట్టారు.

"ఇరవై ఏళ్లు మాత్రలు మింగానండి. మింగినన్నాళ్లూ పడ్డానండి. మాత్రలు కాలవలో పారేశాను. ప్రభువు నన్ను ముట్టాడు. ఇయ్యాల్టికి ఒక్కసారి... ఒక్కటంటే ఒక్కసారి పడలేదండి!"

షెడ్డు దద్దరిల్లింది. ఎవరెవరో సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న రెబ్కా ముసుగు ఇంకా కిందకు లాక్కుంది. తాను దాచింది తన ఇంట్లో మిగల్లేదు, జనంలో పడింది. ఎవరి దాకా పోద్దో తెలియదు. ఆ రోజు చెప్పి ఉండాల్సింది. చెప్తే అతను తన చేతి కూడు తినడు. తినకపోతే పడతాడు.

మార్తమ్మ రెబ్కా ముఠాలో మనిషే, పక్కింట్లోనే కాపురం. మొగుడు లేడు. ఒక్కతే కూతురు షారోను, పదిహేడేళ్లది, చిలకలూరిపేటలో ఇంటరు చదువుతోంది. పదకొండో ఏటి నుంచి ఆ పిల్లకు షుగరు. రోజూ సూది వేసుకుంటేనే బతుకు. ఒక శుక్రవారం మిరపచేలో మార్తమ్మ ముఖం వెలిగిపోతూ కనిపించింది.

"అక్కా, మేమూ సూదులు మానేశాం. ఇయ్యాలకి రెండో రోజు" అంది.

రెబ్కా కాయ కొయ్యడం ఆపేసింది. "పిల్లెట్టా ఉందే?"

"నీరసంగా ఉంది, దాహం దాహం అంటంది. శోధన మొదట అట్టనే ఉండిద్దని బ్రదరన్నారు. మీ ఆయన కూడా పడ్డాడుగా మొదట్లో!"

"మార్తా, నా మాటిను. ఇప్పుడే ఇంటికిపోయి ఆ సూదెయ్యి."

మార్తమ్మ కొంగు బిగించి లేచింది. "నీ మొగుణ్ణి బాగుచేసిన దేవుడు నా కూతుర్ని చెయ్యడా అక్కా? నీకెందుకంత కళ్లమంట?"

చుట్టూ పదిమంది చూస్తున్నారు. మార్తమ్మ విసురుగా పక్క సాలుకు పోయింది.

సాయంత్రం రెబ్కా గుడి దగ్గరికి పోయింది. సంఘపెద్ద దేవదానంగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయనకు మొత్తం చెప్పింది. వింటున్నకొద్దీ ఆయన ముఖం విప్పారింది.

"ఎంత మాట చెప్పావమ్మా! ఇదే మాట ఆదివారం గుళ్లో లేచి చెప్పు. నేను మైకు పెట్టిస్తా. దెబ్బతో ఆ రేకుల షెడ్డు మూతపడుద్ది. అసలు క్రైస్తవులెవరో తేలిపోద్ది."

"ఆదివారం దాకా ఆ పిల్ల ఉండిద్దా అయ్యా?"

ఆయన ఒక్క క్షణం ఆమె ఎవరి గురించి అడుగుతోందో అర్థం కానట్టు చూశారు. రెబ్కా లేచి వచ్చేసింది.

తెల్లారి శనివారం ఆమె పనికి పోలేదు. పొద్దున్నే మార్తమ్మ గుమ్మం ముందు పదిజతల చెప్పులు కనిపించాయి. లోపల ఉపవాస ప్రార్థన. నేలమీద చాప, చాపమీద షారోను. కళ్లు లోపలికి పోయాయి. పరుగెత్తి వచ్చినదానిలా రొప్పుతోంది. ఆ ఊపిరిలో మగ్గిన పండు వాసన. తలవైపు నతానియేలు మోకాళ్లూని ఉన్నాడు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. రెండు రోజులుగా మంచినీళ్లు కూడా ముట్టలేదట. పక్కనే ఇస్సాకు, ఆ పిల్ల కాళ్ల మీద చేతులుంచి కళ్లు మూసుకుని ఉన్నాడు.

రెబ్కా గుమ్మంలో నిలబడే చెప్పింది.

"ప్రార్థన ఆపండి. మావా, నువ్వు బాగుపడలా. మాత్రలు నేనేస్తన్నా."

ఇస్సాకు కళ్లు తెరిచాడు. "ఏం మాత్రలే?"

"నీ మాత్రలే. పొడిచేసి పచ్చట్లో కలిపా. కాలవలో పారేసిన పదకొండో రోజు నుంచీ, ఒక్క పూట మానకుండా." జాకెట్టులోంచి సగం వాడిన అట్ట తీసి చాపమీద వేసింది. "ఆ సాక్ష్యం అబద్ధం. నువ్వు కాదు, నేను అబద్ధమాడా. మార్తా, నీ పిల్ల చచ్చిపోతంది. లే!"

షారోను రొప్పు ఒక్కటే వినిపిస్తోంది. నతానియేలు ఆ అట్టకేసి చూశాడు. రంగు పోయిన ముఖంతో, "చెల్లెమ్మా, సాతాను నీ నోట..." అని మొదలుపెట్టి, మాట పూర్తిచెయ్యలేకపోయాడు. మార్తమ్మ మాత్రం దేనికీ ఆగలేదు. కూతుర్ని గుడ్డమూటలా భుజానికెత్తుకుని, "ఆటో! ఎవరన్నా ఆటో పిలవండ్రా!" అని అరుస్తూ వీధిలోకి పరుగెత్తింది. రెబ్కా పిల్ల కాళ్లు పట్టుకుని వెంట పరుగెత్తింది.

పేట ఆసుపత్రిలో చూసి గుంటూరు పొమ్మన్నారు. నాలుగు రోజులు షారోను కళ్లు తెరవలేదు. ఐదో రోజు తెరిచి నీళ్లడిగింది. బతికింది. మార్తమ్మ రెబ్కా చెయ్యి పట్టుకుని ఏడ్చింది గానీ, ఆ ఏడుపు మధ్యలోనే అనేసింది. "అంత తెలిసీ ఆ కూటాల రోజే ఎందుకు చెప్పలేదక్కా?" ఆ ఏడు మార్తమ్మ వేరే ముఠాలోకి పోయింది.

ఊళ్లో రెండు మాటలు పుట్టాయి. షెడ్డువాళ్లు రెబ్కాను మోసగత్తె అన్నారు. దేవుడు చెయ్యబోయే మేలుకు అడ్డుపడి, ఆయన మహిమను పచ్చడిలో కలిపిందన్నారు. గుడివాళ్లు ఆమెను ముందు బెంచీలో కూర్చోమన్నారు. ఆమె అక్కడ కూర్చోలేదు. రెండు చోట్లకూ పోవడం మానేసింది.

ఇస్సాకు ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. అదే ఆమెను చంపింది. వసారాలో వేరే పొయ్యి పెట్టుకున్నాడు. బియ్యం తానే కడుక్కున్నాడు, నీళ్లు తానే తెచ్చుకుని కుండకు మూత మీద రాయి పెట్టుకున్నాడు.

"మావా, నా చేతిది తినొద్దు. మాత్ర ఎదురుగా పెడతా, నువ్వే వేసుకో" అని రోజూ బతిమాలింది.

"ఇన్నాళ్లూ నాది విశ్వాసమో, నీ పొడో నాకే తెలీదు. ఇప్పుడు తేలాలి" అన్నాడు.

తేలేదాకా రెబ్కా పనికి పోతే చెవులు ఇంటివైపే ఉండేవి. ఎక్కడ బిందె పడ్డా ఉలిక్కిపడేది. కల్లంలో కాయ ఆరబెట్టే రోజులవి. ఇస్సాకు కాయ తిరగెయ్యడానికి పోతే ఆమె ఏదో వంకతో అదే కల్లానికి పోయి దూరంగా కూర్చునేది. మూడో వారంలో ఒక మిట్టమధ్యాహ్నం, ఆమె నీళ్లు తాగడానికి తల తిప్పిన ఆ కాసేపట్లోనే, అతను ఎండుమిరప రాశిలోకి బోర్లా పడ్డాడు. ముఖం కాయల్లో రాసుకుపోతూ కొట్టుకున్నాడు. ఆమె పరుగున వెళ్లి ఒళ్లోకి లాగేసరికి కళ్లలో, ముక్కులో, నోట్లో అంతా కారం. తెలివొచ్చాక అతను పెట్టిన కేకకు పక్క కల్లాలవాళ్లు కూడా వచ్చారు. డబ్బాలకు డబ్బాలు నీళ్లు పోసినా మంట ఆగలేదు. కుడికన్ను నిలిచింది. ఎడమకన్నులో తెల్లటి పొర మిగిలిపోయింది.

ఇప్పుడు ఇస్సాకు మాత్రలు వేసుకుంటాడు, తన చేత్తోనే. రెబ్కా వండింది తింటాడు గానీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేముందు కంచంలోకి ఒకసారి చూస్తాడు. షెడ్డుకు పోడు, గుడికీ పోడు. ఆదివారం రెండు మైకులూ మొదలుకాగానే చేలోకి పోయి కూర్చుంటాడు. నతానియేలు షెడ్డును వేరే బ్రదర్‌కు అప్పజెప్పి ఊరు వదిలిపోయాడు. మార్టూరు అవతల ఎక్కడో కొత్తగా షెడ్డు వేశాడని విన్నారు.

కూటాల్లో తీసిన వీడియో మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉంది. కింద ఇస్సాకు నంబరు కూడా ఎవరో వేశారు. వారానికి ఒకటో రెండో ఫోన్లొస్తాయి. ఇస్సాకు ఎత్తడు, రెబ్కాయే ఎత్తుతుంది. మొన్న అద్దంకి దగ్గర్నుంచి అంటూ ఒకతను చేశాడు.

"వందనాలమ్మా. అన్నగారి సాక్ష్యం చూశాం. మా ఆవిడక్కూడా ఫిట్సేనమ్మా. నిన్నటి నుంచి మాత్రలు ఆపేశాం. అన్నగారి చేత ఒక్క ప్రార్థన..."

"బాబూ, అది అబద్ధం. నేను ఆయన భార్యని. మాత్రలు నేనే పెట్టా. అవి మానేసరికి మళ్లీ పడి కన్ను పోయింది. ఇప్పుడే మీ ఆవిడకు మాత్ర వేయించు నాయనా."

అవతల గొంతు మారింది. "ఇట్టా ఒకామె అడ్డం మాట్లాడుద్దని నతానియేలు బ్రదర్ ముందే చెప్పారు" అని పెట్టేశాడు.

రెబ్కా మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మధ్యాహ్నం చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఆ మనిషి పేరు అడగలేదని, అద్దంకి దగ్గర ఏ ఊరో అడగలేదని ఆమె గుమ్మంలో కూర్చుని తల కొట్టుకుంది. పొద్దు వాలేలోగా ఇంకో ఆరుసార్లు చేసింది.