తాళం లేని సర్వర్

మానుకోటలో మా అన్నకు ఫోటో స్టూడియో ఉండేది. జనగామలో, భూపాలపల్లిలో ఇంకో రెండు షాపులు. మూడింటి ఫోటోలూ మానుకోటలో అన్నీ దాచే పెద్ద కంప్యూటర్, సర్వర్‌లోకే చేరేవి. ఇంట్లో కంప్యూటర్ల పని నేర్చుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి, ఆ సర్వర్‌కు ఏ సిస్టం వెయ్యాలన్నది నాకూ అన్నకూ రోజూ గొడవ.

ఉచితంగా దొరికే లినక్స్ వేద్దామన్నాను నేను. ఎవరి ఖాతా వారిది, ఎవరి పాస్‌వర్డు వారిది; బయటి పెన్‌డ్రైవ్‌లోని చెత్త దానంతటది నడవదు. ఆల్బమ్‌లు చేసే కంప్యూటర్లు ఎప్పటిలాగే ఉంటాయి, సర్వర్ ఒక్కటి మారిస్తే చాలని నెత్తీ నోరూ బాదుకున్నాను.

"నువ్వు రేపు అత్తగారింటికి పోతవ్. అది మొరాయిస్తే ఎవలు చూడాలె? మా పనోళ్లకు గీ పాతదే వచ్చు" అన్నాడు అన్న. అందరూ వాడే పాత సిస్టం దొంగ కాపీయే సర్వర్‌లో ఉండిపోయింది.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. ర్యాలీ అయిందంటే చాలు, జనం జెండాలతోనే స్టూడియోకు వచ్చి తమ ఫోటోలు అడిగేవారు. ఉద్యమం ఫోటోకు పైసలు తీసుకోవద్దు, అడ్డు చెప్పవద్దు అని అన్న నియమం పెట్టుకున్నాడు. ఎవరికి వారే సర్వర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించుకు పోయేవారు. నేను కసురుకుంటే, "మనోళ్లే గద చెల్లె, మనోళ్లకు తాళమేస్తమా?" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ ఆ మాట అంటున్నప్పుడు అన్న ముఖం ఎంత వెలిగిపోయేదో!

ఆ పెన్‌డ్రైవ్‌లలో ఒకదాని నుంచే వైరస్ వచ్చింది. ఒక పొద్దున ఏ ఫోటో తెరిచినా బూడిదరంగు తప్ప ఏమీ లేదు. రెండో కాపీ ఉంచే డిస్కు కూడా ఎప్పుడూ ఆ సర్వర్‌కే తగిలించి ఉండేది, అదీ పోయింది. అన్న సర్వర్ నాకు అప్పగించాడు. లినక్స్ వేశాను. గెలిచానన్న సంతోషం ఇసుమంత కూడా లేదు.

అదే వారం నెల్లికుదురు దగ్గరి తండా నుంచి ఒక తల్లి వచ్చింది. రాత్రి కరెంటు వచ్చిందని పొలంలో మోటరు పెట్టబోయి ఆమె కొడుకు షాక్ కొట్టి చనిపోయాడు.

"ర్యాలీల మీరు వాని ఫోటో తీసిన్రంట గద బిడ్డా. ఓటుకార్డు మీద మొఖం నల్లగ వడ్డది. ఇంకొక్కటి లేదు. దినాలకు పటం కావాలె" అంది.

అన్నకు ఆ అబ్బాయి గుర్తే. ముందు వరుసలో జెండా పట్టుకొని నవ్వినవాడు. కెమెరా కార్డులు వెతికాం. వాటిని ఏదో పెళ్లి కోసం ఎప్పుడో ఖాళీ చేసేశాం.

"పోయినయవ్వా. అన్ని పోయినయ్. తప్పు నాదే" అన్నాడు అన్న, నేల చూస్తూ.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వాడు అచ్చం నా పోలికేనని అందరు అనేటోళ్లు. నన్ను తియ్యి బిడ్డా" అంది.

అన్న కెమెరా ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. కొత్త సర్వర్‌లో దాచిన మొదటి ఫోటో అదే. దానికి ఏం పేరు పెట్టాలని అడిగితే ఆమె కొడుకు పేరు చెప్పింది.